ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూడటం అలవాటయింది

మా సరుకుల చీటీలో పామాయిల్ అన్న మాట ఏనాడూ రాయలేదు. అయినా అది నెలనెలా ఇంటికి వస్తూనే ఉంది. పిల్లలు తినే క్రీము బిస్కెట్లలో, నూడుల్స్‌లో, బేకరీ పఫ్‌లలో, చివరికి స్నానం చేసే సబ్బులో కూడా.

మా పెద్దమ్మాయి ఒరాంగుటాన్ల గురించి చదివి వరుసగా ప్రశ్నలు వేసింది. వాటికి జవాబులు వెతుకుతున్నప్పుడే పామాయిల్ తగ్గించాలని నిర్ణయించుకున్నాను. ఈ వానరాలు బోర్నియో, సుమత్రా దీవుల అడవుల్లో తప్ప ఇంకెక్కడా స్వేచ్ఛగా బతకడం లేదు. ఉన్న మూడు జాతులూ అంతరించే ప్రమాదంలో ఉన్నవే. తపనులి ఒరాంగుటాన్‌ను వేరే జాతిగా గుర్తించింది 2017లో. అప్పటికే అవి 800 లోపు మిగిలాయి. తల్లి ఏడెనిమిదేళ్లకు ఒక పిల్లను కంటుంది. అలాంటి ప్రాణి ఉండే అడవిని నరికి పామాయిల్ కోసం తోట వేస్తే, ఆ జాతి మళ్లీ పుంజుకునేది ఎప్పుడు?

ప్రపంచపు పామాయిల్‌లో సుమారు 85 శాతం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. దాన్ని అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశం. అడవి కుంచించుకుపోతే ఏమవుతుందో మా ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల్లోకి దిగితే రైతూ నష్టపోతాడు, ఏనుగూ నష్టపోతుంది. బోర్నియో, సుమత్రాల్లో పామాయిల్ తోటల్లోకి వచ్చే ఒరాంగుటాన్‌ పరిస్థితీ అంతే.

ముందు ప్యాకెట్ల వెనకవైపు చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి కాబట్టి ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తాను. ఏది ఎక్కువ వేశారో అది ముందు రాయాలన్నది నిబంధన. పామాయిల్, పామోలిన్ అన్న పేర్లు రెండో మూడో స్థానంలోనే కనబడితే అందులో ఉన్నది చిటికెడు కాదని అర్థం. వంట నూనెల్లో ఇంకో సంగతి ఉంది. రెండు నూనెలు కలిపి అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఒక్కొక్కటి కనీసం 20 శాతం ఉంటే చాలు. కాబట్టి ముందువైపు ఏ గింజ బొమ్మ వేసినా, వెనక రాసిన శాతాలు చూశాకే నూనె బుట్టలో వేసుకుంటున్నాను.

తిరుపతి బైరాగిపట్టెడలో మేము సరుకులు తెచ్చుకునే కొట్టాయనను అడిగాను. "అన్నా, పామాయిల్ లేని బిస్కెట్లు ఉన్నాయా?"

"వెన్నతో చేసినవి వస్తాయమ్మా. ధర ఎక్కువని ఎవరూ తీసుకోరు. మీరు నెలనెలా తీసుకుంటానంటే తెప్పిస్తాను."

తెప్పించాడు. మునుపటికన్నా తక్కువే కొంటున్నాం, ఖర్చు దాదాపు సమానంగా ఉంది.

వంటకు గానుగ వేరుశెనగ నూనెకు మారాం. మా మెట్ట పొలాల్లో వానల మీద ఆధారపడి పండే పంట అది, దానికోసం కొత్తగా ఏ అడవినీ కొట్టక్కర్లేదు. గానుగ దగ్గరికి మన క్యానే తీసుకెళ్లవచ్చు. అప్పుడే ఆడిన నూనె మసకగా ఉంటుంది. ఇంటికి తెచ్చి కదపకుండా ఉంచితే అడుగున మడ్డి దిగుతుంది, పైన తేరిన నూనెను మెల్లగా వేరే డబ్బాలోకి వంచుకోవాలి. ఆ వాసనకే మా అత్తమ్మ ముఖం విచ్చుకుంది. ధర మాత్రం పామోలిన్ కన్నా బాగా ఎక్కువ. అందుకని వేపుళ్లు తగ్గించి పులుసులు, పప్పులు పెంచాం.

గాంధీ రోడ్డులో చిప్స్ వేయించే ఆయనతో కూడా మాట్లాడాను. "వేరే నూనె గిట్టుబాటు కాదమ్మా, పామాయిలైతే వేడికి తట్టుకుంటుంది" అన్నాడు. ఆయన మాట నిజమే. ఆ చిన్న వ్యాపారి మీద నింద వేయడం న్యాయం కాదు. మార్చే శక్తి వేల టన్నులు కొనే కంపెనీలకే ఉంది.

పామాయిల్‌ను పూర్తిగా వెలివేయాలని కూడా నేను అనను. ఒక హెక్టారులో ఆయిల్‌పామ్ ఇచ్చినంత నూనె సోయా, పొద్దుతిరుగుడు, వేరుశెనగ ఏవీ ఇవ్వలేవు. అందరూ ఒక్కసారిగా వాటి మీద పడితే ఇంకా ఎక్కువ భూమి కావాలి. మన గోదావరి జిల్లాల రైతులూ ఆయిల్‌పామ్ పండిస్తున్నారు. నేను చూసిన ప్యాకెట్లలో నూనె ఏ తోట నుంచి వచ్చిందో ఒక్కదాని మీదా రాసి లేదు, నా కోపమంతా దాని మీదే. 2004లో ఏర్పడిన ఆర్‌ఎస్‌పీఓ అనే సంస్థ అడవులు నరకకుండా పండించిన నూనెకు ధ్రువీకరణ ఇస్తుంది. ఆ నిబంధనలను 2018లో ఇంకా కట్టుదిట్టం చేసింది. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు అయిదో వంతుకు ఆ ధ్రువీకరణ ఉంది. మా కొట్లలో మాత్రం ఆ గుర్తు నాకు ఎక్కడా కనబడలేదు.

సబ్బు విషయంలో పని తేలికగానే అయింది. సోడియం పామేట్ (పామాయిల్ నుంచి తయారయ్యేది) అని ఉన్నది మానేసి, కొబ్బరినూనెతో చేసినది తెచ్చుకుంటున్నాం. పిల్లల నోటు పుస్తకాలకు, అడవులను బాధ్యతగా చూసుకుంటూ తీసిన కలపకు, కాగితానికి ఇచ్చే ఎఫ్‌ఎస్‌సీ గుర్తు ఉందేమో చూస్తున్నాను, ఉంటే అవే కొంటున్నాను.

చివరగా, పిల్లలు ఎక్కువగా తినే బిస్కెట్ల కంపెనీకి ఈమెయిల్ రాశాను. మీరు వాడే పామాయిల్‌కు ధ్రువీకరణ ఉందా, ఉంటే ప్యాకెట్టు మీద ఎందుకు వేయరు అని. బాధ్యతతో సేకరిస్తున్నామని మర్యాదగా జవాబు వచ్చింది కానీ అడిగినదానికి సమాధానం అందులో లేదు. ఉందా లేదా, ఆ ఒక్క మాట చెప్పమని మళ్లీ రాశాను. మీరూ రాయండి. వినియోగదారుల ఫిర్యాదుల కోసం చిరునామా, ఫోను నంబరు, ఈమెయిల్ ప్రతి ప్యాకెట్టు మీదా ఉంటాయి, ధర ముద్రించిన చోటికి దగ్గరలోనే వెతకండి.