వీనోల్డ్ రైస్ గీసిన మనుషులు

అమెరికాలోని సిన్సినాటిలో ఉండే అన్నయ్య ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లలకు మ్యూజియం చూపించే బాధ్యత నా మీద పడింది. ఆ మ్యూజియం 1933లో ప్రారంభమైన యూనియన్ టెర్మినల్ అనే రైల్వే స్టేషన్ భవనంలో ఉంది. పిల్లలు డైనోసార్ల వైపు చెయ్యి పట్టి లాగుతున్నా, అర్ధగోళం వంటి ఆ పైకప్పు కింద, వంపు తిరిగిన గోడల మీద రంగు గాజు ముక్కలతో తీర్చిన నిలువెత్తు మనుషులను వదిలి నేను కదలలేకపోయాను. వాటిని రూపొందించిన వీనోల్డ్ రైస్ గురించి ఆ తరవాత చాలా రోజుల పాటు చదువుతూనే ఉన్నాను.

రైస్ 1886లో జర్మనీలోని కార్ల్స్‌రూలో చిత్రకారుడి కొడుకుగా పుట్టాడు. మ్యూనిక్‌లో చదువుకుని, అమెరికా ఆదివాసులను చూసి బొమ్మలు గీయాలన్న చిన్ననాటి కోరికతో 1913లో న్యూయార్క్ చేరాడు. కోరిక తీరడానికి మాత్రం ఏడేళ్ళు పట్టింది. ఈలోగా పోస్టర్లు గీస్తూ, హోటళ్ళకూ రెస్టారెంట్లకూ లోపలి అలంకరణ చేస్తూ గడిపాడు. 1920 జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, మోంటానా రాష్ట్రంలోని బ్రౌనింగ్‌లో రైలు దిగి, దాదాపు నెల రోజుల్లో బ్లాక్‌ఫీట్ అనే ఆదివాసీ తెగ ప్రజల రూపచిత్రాలను ముప్ఫైకి పైగా గీశాడు. వాళ్ళలో అడవిదున్నల వేట కాలాన్ని కళ్ళారా చూసిన పెద్దలు ఉన్నారు. బ్లాక్‌ఫీట్ వాళ్ళు ఆయనకు బీవర్ బిడ్డ అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. అదే సంవత్సరం ఆయన మెక్సికో వెళ్ళి అక్కడి మనుషులనూ గీశాడు.

ఆయన పద్ధతి చూడగానే గుర్తుపట్టేలా ఉంటుంది. ముఖాన్నీ చేతులనూ పాస్టెల్ రంగులతో, చర్మపు ఛాయలోని ప్రతి తేడా తెలిసేలా, ఎంతో ఓపికగా దిద్దుతాడు. బట్టల దగ్గరికి వచ్చేసరికి చాలా బొమ్మల్లో నాలుగు గీతలతో వదిలేస్తాడు. మనిషిని ఒక జాతికి నమూనాగా చూసేవాడికి కావలసినవి ఈకలు, పూసలు, తలపాగాలు. వాటిని పక్కకు నెట్టి ముఖం దగ్గర ఆగడమే రైస్‌లో నాకు నచ్చిన గుణం. అయితే బ్లాక్‌ఫీట్ చిత్రాలన్నిటిలోనూ ఆయన ఈ నిగ్రహం పాటించలేదు. వాళ్ళ దుస్తుల రంగులకు ఆయన చాలాసార్లు లొంగిపోయాడని ఒప్పుకోవాలి.

1925 మార్చిలో సర్వే గ్రాఫిక్ పత్రిక న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్ మీద ప్రత్యేక సంచిక వేసినప్పుడు, బొమ్మలు గీసే పని రైస్‌కు అప్పగించింది. ముఖచిత్రం మీద గాయకుడు రోలండ్ హేస్ ముఖం వచ్చింది. లోపలి బొమ్మల్లో ఇద్దరు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినుల చిత్రం పెద్ద వివాదం రేపింది. సాదా దుస్తుల్లో, ముదురు ఛాయలో, చిరునవ్వు లేకుండా కూర్చున్న ఆ ఇద్దరిని చూసి, తమ వర్గాన్ని ఇంకాస్త అందంగా, గౌరవంగా చూపించవలసిందని హార్లెమ్‌లోని చదువుకున్నవాళ్ళే కొందరు నొచ్చుకున్నారు. ఈ ఇద్దరూ వీధిలో ఎదురైతే తనకు భయం వేస్తుందని ఒక పెద్దమనిషి సభలో అన్నాడట. ఆ ఇద్దరిలో ఒకరు అదే సభలో ఉన్నారు! సంచికకు సంపాదకుడైన అలైన్ లాక్, నల్లని ఛాయను చూసి సిగ్గుపడే అలవాటునే తప్పుపడుతూ, రైస్‌ను గట్టిగా సమర్థించాడు. పెళ్ళిచూపుల ఫొటోలో అమ్మాయి రంగును ఒక పిసరు తేల్చి ఇమ్మని స్టూడియోవాడిని అడిగే మనకు ఈ గొడవ అర్థం కావడం కష్టమేమీ కాదు. ఆ సంచికను చూసి కదిలిపోయిన యువ ఉపాధ్యాయుడు ఏరన్ డగ్లస్, కాన్సస్ సిటీలో ఉద్యోగం వదిలి న్యూయార్క్ వచ్చి, రైస్ దగ్గర శిష్యుడిగా చేరాడు. ఆఫ్రికా కళను చూసి నేర్చుకొమ్మని అతడిని ప్రోత్సహించింది ఈ జర్మన్ గురువే. తరవాతి కాలంలో హార్లెమ్ చిత్రకళకు డగ్లస్ పేరే చిరునామా అయింది.

రైస్ పేరు అంతగా వినబడకపోవడానికి ఒక కారణం క్యాలెండర్లు. గ్రేట్ నార్తర్న్ రైల్వే కంపెనీ ఆయన బ్లాక్‌ఫీట్ చిత్రాలను కొని, 1928 నుంచి ఏళ్ళ తరబడి క్యాలెండర్లుగా అచ్చువేసి పంచింది. మన దగ్గర కూడా "క్యాలెండర్ బొమ్మ" అనేది తిట్టుతో సమానమే గదా! అసలు అభ్యంతరం వేరే చోట ఉందని నా అభిప్రాయం. ఆ రైల్వే పర్యాటకులను పిలుస్తున్నది గ్లేసియర్ నేషనల్ పార్కుకు. ఆ పార్కు తూర్పు వైపు కొండలు 1895 ఒప్పందంతో బ్లాక్‌ఫీట్ చేజారినవే. నేల పోగొట్టుకున్నవాళ్ళ ముఖాలనే ఆ నేలకు ప్రకటనగా వాడుకున్నారు. రైస్‌కు దీని గురించి ఏమనిపించిందో ఆ చిత్రాలు చెప్పవు. ఆయన మాత్రం ఆ ప్రాంతానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు, అక్కడే వేసవి చిత్రకళా పాఠశాల నడిపాడు. 1953లో ఆయన మరణించిన తరవాత చితాభస్మాన్ని బ్లాక్‌ఫీట్ మిత్రులు తమ నేల మీదే చల్లారు.

సిన్సినాటి గోడల మీద కూడా ఆయన పాత పద్ధతే కనిపిస్తుంది. మనుషుల రూపాలకు గాజు ముక్కలు పొదిగి, మిగిలిన చోటంతా రంగు గారతో నింపించాడు. ఆ ఊరి ఫ్యాక్టరీ కార్మికుల ఫొటోలు తీయించి, వాటి ఆధారంగా మరో పద్నాలుగు గోడచిత్రాలు చేశాడు. 1970ల్లో ప్లాట్‌ఫారాల మీది హాలును కూల్చినప్పుడు ఊరివాళ్ళు చందాలు పోగుచేసి ఆ పద్నాలుగింటినీ విమానాశ్రయానికి తరలించారు. అదే హాలు చివర ఉన్న పెద్ద ప్రపంచ పటాన్ని మాత్రం కాపాడలేకపోయారు.