సీపీయూ 83, జీపీయూ 74, అయినా టప్పున ఆరిపోతోంది

నా ల్యాప్‌టాప్ (సీపీయూ ఐ7-11800హెచ్, జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్ ఆర్‌టీఎక్స్ 3060) మళ్లీ ఆరిపోయింది. కోపం వచ్చే దశ దాటిపోయి ఇప్పుడు కుతూహలమే మిగిలింది. ఆరిపోయే ముందు, ఉష్ణోగ్రతలు రాసిపెట్టే హెచ్‌డబ్ల్యుఇన్ఫో లాగ్‌లో పడిన చివరి వరస: సీపీయూ 83 డిగ్రీలు, జీపీయూ 74. విశాఖలో మే నెల, ఏసీ వేయని గది, బయట ఉక్కపోత, గదిలో 33 డిగ్రీలు. ఆ లెక్కన ఈ అంకెలకు స్వీట్లు పంచుకోవాలి. కానీ సైబర్‌పంక్ 2077 గేమ్ మొదలెట్టిన 22 నిమిషాలకు స్క్రీన్, ఫ్యాన్లు, కీబోర్డు లైట్లు అన్నీ ఒకేసారి పోయాయి. బ్లూ స్క్రీన్ లేదు, ఓ హెచ్చరిక లేదు.

చిప్‌కీ, దాని వేడిని లాగే హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పేస్టుకు బదులు హనీవెల్ పీటీఎం7950 షీటు వేశాక సీపీయూ 97 నుంచి 83కి దిగింది. పేస్టు అభిమానులు తిట్టుకున్నా సరే, పైన మూత లేని ల్యాప్‌టాప్ చిప్ మీద పల్చటి పేస్టు దండగ. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెం అంచులకు జారిపోతుంది. ఈ షీటు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి తనే సర్దుకుంటుంది. ఫ్యాన్లు, హీట్‌సింక్ రెక్కలు కూడా శుభ్రం చేశాను. సముద్రం గాలి పుణ్యమా అని స్క్రూ తలలు తుప్పు పట్టాయి, దుమ్ము తేమకు తడిసి అట్ట కట్టింది. లాసన్స్ బే చుట్టుపక్కల ఉండేవాళ్లు ఏడాదికోసారైనా వెనక మూత తీసి చూసుకోండి.

ఇక అసలు గొడవ. విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41, బగ్‌చెక్ కోడ్ సున్నా. అంటే విండోస్‌కి కూడా ఏం జరిగిందో తెలియదు, సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే తెలుసు. మొదటి అనుమానం 230 వాట్ల అడాప్టర్ మీద. కానీ అడాప్టర్ చేతులెత్తేస్తే బ్యాటరీ అందుకోవాలి కదా, అదీ జరగలేదు. పైగా ఆరిపోయాక కూడా అడాప్టర్ లైటు వెలుగుతూనే ఉంది. ఇంకో సంగతి, ఆరిన వెంటనే పవర్ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మూడు నాలుగు నిమిషాలు ఆగితే ఏమీ ఎరగనట్టు ఆన్ అవుతుంది. లోపల ఏదో చల్లారేదాకా బోర్డు ఒప్పుకోవడం లేదన్నమాట.

జీపీయూని దంచే ఫర్‌మార్క్ ఒక్కటే అరగంట నడిపితే ఏమీ కాలేదు. సీపీయూని దంచే ప్రైమ్95 ఒక్కటే నడిపినా ఏమీ కాలేదు. రెండూ కలిపి నడిపితే 14 నిమిషాల్లో ఢమాల్. థ్రాటిల్‌స్టాప్ సాఫ్ట్‌వేర్‌లో పీఎల్1 ని (సీపీయూ ఆగకుండా వాడుకోగల కరెంటు పరిమితి) 35 వాట్లకు కుదిస్తే గేమ్ గంట దాటి నడిచింది. అంటే అనుమానం చిప్‌ల మీద కాదు, సీపీయూకి కరెంటు అందించే వీఆర్ఎం సర్క్యూట్‌లోని మాస్ఫెట్ల (చిన్న కరెంటు స్విచ్‌ల) మీద. అవి జీపీయూ వేడిని మోసే హీట్‌పైప్ పక్కనే ఉన్నాయి, దాని వేడి కూడా వీటికే తగులుతుంది. వీటి ఉష్ణోగ్రత నా మెషీన్‌లో ఏ సాఫ్ట్‌వేరూ చూపించదు. (అండర్‌వోల్ట్ చేయొచ్చు కదా, అంటే సీపీయూకి వోల్టేజీ తగ్గించొచ్చు కదా అనకండి. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీల్లాగే నా బయోస్‌లోనూ దానికి తాళం వేసేశారు.)

గాజువాకలో ఉండే మా బావమరిది దగ్గర థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్) ఉన్న మల్టీమీటర్ తెచ్చాను. ఇస్తూ "ఏటి బావా, ఇప్పిన పెతిసారీ ఓ స్క్రూ మిగిలిపోద్ది కదా, జాగర్త" అన్నాడు. ప్రోబ్ కొసను వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో మాస్ఫెట్ల వరసలో ఎడమ చివర అంటించి, వైరును గాలి రంధ్రంలోంచి బయటకు తీశాను. గేమ్ మొదలయ్యాక 5వ నిమిషంలో 79, 10లో 93, 15లో 104, 20లో 110. ఇంకో రెండు నిమిషాలకు 112 చూపించి ఆరిపోయింది. పైన 112 అంటే లోపల ఇంకా ఎక్కువే. దొంగ దొరికాడు.

హీట్‌సింక్ ఎత్తి చూస్తే మాస్ఫెట్ల వేడిని హీట్‌సింక్‌కి అందించే 1.5 మి.మీ. ప్యాడ్‌లో ఎడమ సగం మీద చిప్‌ల అచ్చు లోతుగా పడింది, కుడి సగం కొత్త ప్యాడ్‌లా నున్నగా ఉంది. అటువైపు తగలడమే లేదు. సరే అని 2 మి.మీ. ప్యాడ్ వేశాను. ప్యాకెట్ మీద ఉష్ణవాహకత 12 వాట్లు/మీ.కె. అని గొప్పగా రాసిన రకం, ముట్టుకుంటే చెప్పుల రబ్బరే. ప్రోబ్ 91కి దిగింది కానీ జీపీయూ 86కి ఎక్కింది, జీపీయూలో అన్నిటికన్నా వేడి చోటైన హాట్‌స్పాట్‌కీ దానికీ తేడా 11 నుంచి 29 అయింది. గట్టి ప్యాడ్ హీట్‌సింక్‌నే పైకి లేపేసింది. 1.5 తగలదు, 2 లేపేస్తుంది.

అప్పుడు పిల్లలు ఆడుకునే క్లే చిన్న చిన్న ఉండలు చేసి, మీద ప్లాస్టిక్ కవర్ ముక్క పెట్టి, వరస పొడుగునా పేర్చి హీట్‌సింక్ బిగించి తీశాను. నలిగిన ఉండల మందం వెర్నియర్‌తో కొలిస్తే ఎడమ చివర 1.4, మధ్యలో 1.6, కుడి చివర 1.9 మి.మీ. నాలుగు సెంటీమీటర్ల దూరంలో అర మిల్లీమీటరు వాలు! హీట్‌సింక్ రాగి ప్లేటే వంగి ఉంది. ఇది సెకండ్ హ్యాండ్ మెషీన్. ప్లేటు అంచున స్క్రూడ్రైవర్ గీత ఒకటి ఉంది కాబట్టి ఇంతకుముందు ఎవరో కింద గుచ్చి పెకలించి ఉంటారని నా ఊహ. తిరిగి వంచుదామంటే ప్లేటు హీట్‌పైప్‌కి అతికి ఉంది. పైపు నలిగిందా, మొత్తం హీట్‌సింక్ మార్చాల్సిందే.

ప్రస్తుతానికి ఆర్కిటిక్ టీపీ-3 ప్యాడ్ వేశాను. నేను వాడినవాటిలో మెత్తదనంలో దీన్ని మించింది లేదు, పొరల్లా పేర్చినా ఇబ్బంది పెట్టదు. ఎడమ వైపు 1.5, కుడి వైపు 1.5 మీద 0.5. జీపీయూ 75, హాట్‌స్పాట్ తేడా 12, ప్రోబ్ 97. ఏసీ 26లో పెడితే రెండు గంటలు నడిచింది. ఏసీ లేకుండా మాత్రం 50 నిమిషాలకు మళ్లీ టప్. 97 దగ్గర ఎందుకు ఆరాలి? ప్రోబ్ ఎడమ చివర ఉంది, కుడి చివరి మాస్ఫెట్ ఎంత కాలుతోందో చూసినవాడు లేడు. పొరల మధ్య గాలి చిక్కుకుని ఉండొచ్చు కూడా.

కాబట్టి ప్యాడ్‌కు బదులు మెత్తటి ముద్దలా ఉండే థర్మల్ పుట్టీ ఆర్డర్ పెట్టాను. అది ఎంత సందు ఉంటే అంతా నింపుకుంటుంది, వాలుతో పని లేదు. ద్వారకానగర్ షాపుల్లో అడిగితే అందరూ తెల్ల పేస్టు ట్యూబే చూపించారు. వచ్చేలోగా రెండో థర్మోకపుల్ సంపాదించి కుడి చివర అంటించాలి, అప్పటిదాకా పీఎల్1 45 వాట్లు, గేమ్‌కి సెకనుకు 60 ఫ్రేముల లిమిట్. వెనక మూతలో మాస్ఫెట్ల కింద అసలు రంధ్రాలే లేవు. డ్రిల్ పెడదామా అనే ఆలోచన కూడా తిరుగుతోంది, కానీ ఈ ఉప్పు గాలికి ఇంకో దారి తెరవడం ఎంతవరకు మంచిదో తేల్చుకోలేకపోతున్నాను. పుట్టీ పడ్డాక రెండు ప్రోబ్‌ల అంకెలూ పెడతాను.