బడ్డీకి ఇచ్చేది ఏది, నాకు మిగిలేది ఏది?

స్కూబా డైవింగ్‌కి బ్యాకప్ రెగ్యులేటర్ (ట్యాంకులోని గాలిని నోటికి అందించే పరికరం, అదనంగా ఉంచుకునేది) కొనాలనుకునేవాళ్లు నన్ను ముందు కంపెనీ పేరు అడుగుతారు. నేను ముందు ఆలోచించేది నీళ్లలో గాలి అందని మనిషి చెయ్యి ఎక్కడికి వెళ్తుందన్న సంగతి.

శిక్షణలో అయితే బడ్డీ (మనతో జతగా దిగే డైవర్) గొంతు ముందు చెయ్యి అడ్డంగా ఆడించి గాలి లేదని సైగ చేస్తాడు, మనం పసుపు రంగు ఆక్టోపస్ (బ్యాకప్‌కే ఇంకో పేరు) తీసి అందిస్తాం. బెదిరిపోయిన మనిషి అంత వరస పాటిస్తాడని నాకు నమ్మకం లేదు. ఎదుటివాళ్ల నోట్లో ఉన్నదాంట్లోంచి బుడగలు వస్తున్నాయి, అంటే అది పనిచేస్తోంది. దాన్నే పట్టుకుని లాగుతాడు. అలాంటప్పుడు ఇవ్వాల్సింది కూడా అదే అయితే మంచిది కదా!

అందుకే నేను, మా ఆయన (నా బడ్డీ ఆయనే) ఇద్దరం ఒకే అమరిక పెట్టుకున్నాం. నోట్లో ఉండే ప్రైమరీకి (మామూలుగా పీల్చే రెగ్యులేటర్‌కి) దాదాపు మీటరు హోస్, కుడి చంక కిందుగా వస్తుంది. బ్యాకప్‌కి పొట్టి హోస్, మెడ చుట్టూ సాగే తాడుతో గడ్డం కిందే వేలాడుతుంది. ప్రైమరీ ఇచ్చేశాక తల వంచితే చాలు, బ్యాకప్ నోటికి అందుతుంది. ఇసుకలో ఈడ్చుకుపోవడం, పగడాలకు తగులుకోవడం ఉండవు. కేవ్ డైవర్లు వాడే ఏడు అడుగుల హోస్ ఇరుకు దారుల్లో ఒకరి వెనక ఒకరు ఈదడానికి. ఓపెన్ వాటర్‌లో ఎదురెదురుగా ఒకరినొకరు పట్టుకుని పైకి రావడానికి మాకు మీటరు సరిపోతోంది.

బ్యాకప్‌కి చవక సెకండ్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో నోట్లో పెట్టుకునే భాగం) చాలన్న సలహా నాకు నచ్చదు. ప్రైమరీ చేతులు మారాక, కంగారులో ఉన్న మనిషిని పట్టుకుని నేను పీల్చాల్సింది దాంతోనే. రెండూ ఒకే బ్యాలెన్స్‌డ్ (పీడనం మారినా పీల్చడంలో పెద్దగా తేడా రాని) మోడల్ తీసుకున్నాను, సర్వీసుకి కూడా రెండూ కలిసే వెళ్తాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 (2014 నాటిది) ప్రకారం, బ్యాకప్ కూడా తగిలించి పరీక్షించిన వాటికి అంకె పక్కన 'ఏ' అని ఉంటుంది. 10 డిగ్రీల కన్నా ఎక్కువ అనే గుర్తు దాని మీద ఉంటే అది చల్లటి నీళ్లకు కాదు. ఇది చిన్న విషయం కాదు. ఇద్దరూ ఒకే ఫస్ట్ స్టేజ్ (ట్యాంకుకి బిగించి, గాలి పీడనం తగ్గించే భాగం) మీద పీలుస్తుంటే గాలి ప్రవాహం పెరిగి అది మరింత చల్లబడుతుంది, లోపల మంచు కట్టి ఫ్రీఫ్లో అయ్యే (గాలి ఆగకుండా బయటికి పోయే) ప్రమాదం ఉంటుంది.

ఎవరూ పెద్దగా మాట్లాడని ఇంకో సంగతి, మౌత్‌పీస్. వేడి నీళ్లలో ముంచి పళ్లకు అచ్చు వేసుకునే రకం నాకు చాలా సుఖంగా ఉంటుంది. కానీ ప్రైమరీకి అది పెట్టను. ఇంకొకరి నోట్లోకి వెళ్లేదానికి మామూలు మౌత్‌పీసే ఉండాలి. నా అచ్చు మెడలో ఉన్నదానికి పెట్టుకున్నాను.

బీసీడీ (గాలి నింపుకుని తేలడాన్ని సర్దుకునే జాకెట్) ఇన్‌ఫ్లేటర్‌లోనే, అంటే అందులో గాలి నింపే, వదిలే మీటలోనే, సెకండ్ స్టేజ్ కలిసి ఉండే రకాలూ ఉన్నాయి. ఒక హోస్ తగ్గుతుంది, నిజమే. అయితే పైకి వస్తూ బీసీడీలోంచి గాలి వదిలేదీ, ఊపిరి పీల్చేదీ చాలాసార్లు ఆ ఒక్క దాంతోనే. నాకు వద్దు.

ఏ అమరికైనా ట్యాంకులో గాలి మిగిలి ఉంటేనే పనికొస్తుంది. 30 మీటర్ల లోతులో పీడనం 4 బార్, అంటే పైన ఉన్నదానికి దాదాపు నాలుగు రెట్లు, ఒక్కో ఊపిరికి గాలి కూడా అంతే ఎక్కువ ఖర్చవుతుంది. మామూలుగా పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి కంగారులో 40 పీలుస్తాడనుకుంటే, ఇద్దరికీ ఆ లోతులో నిమిషానికి 320 లీటర్లు పోతాయి. కింద సర్దుకోవడానికి ఒక నిమిషం, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ (పైకి తేలే ముందు జాగ్రత్తగా ఆగడం), అన్నీ కలిపితే సుమారు 1,350 లీటర్లు. 12 లీటర్ల ట్యాంకులో అది 110 బార్ పైమాటే. డైవ్ చివర 50 బార్ మిగిలితే చాలని డైవర్లు మామూలుగా చెప్పుకునే లెక్క ఆ లోతులో ఇద్దరికి చాలదు. మేం అక్కడికి వెళ్లినప్పుడు, గేజ్ 120 చూపించగానే తిరుగుముఖం పడతాం.

పైగా రెండు సెకండ్ స్టేజ్‌లూ వేలాడేది ఒకే ఫస్ట్ స్టేజ్ మీద. అది పోతే నాకు దిక్కు బడ్డీయే. బడ్డీ దూరంగా ఉండే డైవ్‌లకు, ఉదాహరణకు ఆయన ఫోటోల్లో మునిగిపోయేచోట, సొంత రెగ్యులేటర్ ఉన్న 3 లీటర్ల పోనీ ట్యాంకు (చిన్న అదనపు ట్యాంకు) పక్కన తగిలించుకుంటాను. 200 బార్ నింపితే 600 లీటర్లు. 30 మీటర్ల నుంచి నిదానంగా పీలుస్తూ వస్తే సేఫ్టీ స్టాప్‌తో సహా ఒక్క మనిషికి సరిపోతుంది. కంగారులో పీలిస్తే ఆ స్టాప్ వదులుకోవాల్సి రావచ్చు. దిగే ముందు దాని గేజ్ కూడా చూసి, దాంతో నాలుగు సార్లు ఊపిరి పీల్చాకే నీళ్లలోకి వెళ్తాను.