పదిహేనేళ్లు నిండిన మా ఎస్‌యూవీకి ఫిట్‌నెస్ పరీక్ష: నా అనుభవం

ఇంటిల్లిపాదీ ప్రయాణించే మా ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ 2010 జులైలో హైదరాబాద్‌లో రిజిస్టరైంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది కాబట్టి, 2025 జులై తరువాత కూడా దాన్ని నడపాలంటే తనిఖీలో నెగ్గి, మరో ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. పదేళ్లు నిండిన డీజిల్ బండిని పక్కన పెట్టాల్సిన నిబంధన మనకు లేదు. ఇక్కడ చూసేది బండి పరిస్థితినే. ఈ పద్ధతే న్యాయమైనదని నా అభిప్రాయం.

కాగితాల పని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25లో దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. గడువు దాటితే ఫీజు నెలకు 500 చొప్పున పెరుగుతూ పోతుంది. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉన్నాయో లేదో చూసుకుని, పెండింగు చలానాలు కట్టేసి, ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకున్నాను.

ఆయిలూ ఫిల్టర్లూ మార్చి, శుభ్రంగా కడిగించిన బండితోనే ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లాను. మన వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ ముందుగా ఛాసిస్ నంబరు చూపించమన్నారు. ఇటువంటి బండ్లలో ఆ నంబరు కింది ఫ్రేమ్ మీదే చెక్కి ఉంటుంది. ఏళ్ల తరబడి పట్టిన బురదా తుప్పూ దాన్ని కప్పేస్తాయి. పెన్సిల్ ప్రింట్ తీయడానికి అక్షరాలు స్పష్టంగా తేలాలి కాబట్టి, ఆ చోటును ముందే వైర్ బ్రష్‌తో తోమించి తీసుకెళ్లడం మంచిది. తరువాత ఆయన లైట్లు, హారన్, వైపర్లు, అద్దాలు, సీటు బెల్టులు వరసగా చూశారు. స్టీరింగ్‌ను ఇటూ అటూ కదిపించారు, ర్యాంపు మీద బండిని నిలబెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగమన్నారు. బండి మెల్లగా వెనక్కి జారింది. స్టీరింగ్‌లో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ప్లే, అంటే వదులు, ఉంది, ఎడమ హెడ్‌లైట్ కాంతి ఎదుటివారి కళ్లలో పడుతోంది. ఈ మూడూ సరిచేయించి తీసుకురమ్మని చెప్పి పంపించారు.

హ్యాండ్‌బ్రేక్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫ్లైఓవర్ల మీద మెల్లగా పాకే ట్రాఫిక్‌లోనూ, బంజారాహిల్స్ ఎత్తుపల్లాల్లోనూ దాని అవసరం రోజూ పడుతుంది. మా బండికి వెనక డ్రమ్ బ్రేకులున్నాయి. డ్రమ్ములు విప్పించి చూస్తే లోపల నల్లటి దుమ్ము పేరుకుపోయి ఉంది, డ్రమ్మును పట్టి ఆపే షూల మీది లైనర్లు అరిగేకొద్దీ తమంతట తాము సర్దుకోవాల్సిన అడ్జస్టర్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కేబుల్ బిగిస్తే చాలని చాలామంది మెకానిక్‌లు అంటారు. అలా చేస్తే లివర్ గట్టిగా అనిపిస్తుందే తప్ప చక్రం గట్టిగా ఆగదు. మా మెకానిక్ ఆ మాట వినకముందే తోసిపుచ్చాడు. “సార్, కేబుల్ బిగిస్తే ఇన్‌స్పెక్టర్ దగ్గర పాస్ కావొచ్చు, వానలో ఎత్తు మీద నిలబెట్టినప్పుడు మాత్రం పట్టదు. షూలు మార్చేద్దాం,” అన్నాడు. రాణిగంజ్‌లో షూల సెట్టు తెచ్చి, అడ్జస్టర్లు శుభ్రం చేయించి, ఆ తరువాతే కేబుల్ సర్దించాం.

స్టీరింగ్ ప్లేకు కారణం ముందు చక్రాల దగ్గరి టై రాడ్ ఎండ్లు, అంటే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కీళ్లు. వాటి రబ్బరు బూట్లు చిరిగితే వానాకాలంలో నీళ్లు లోపలికి చేరి గ్రీజును కడిగేస్తాయి, తరువాత గుంతల్లో పడిన ప్రతి దెబ్బకూ ఆ కీలు వదులవుతుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు కాబట్టి నడిపేవారి చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. బండిని కొత్తగా పట్టుకున్నవారికి వెంటనే తెలుస్తుంది. లోపాలన్నింటిలో నాకు ఎక్కువ భయం కలిగించింది ఇదే, ఎందుకంటే ఆ కీలు పూర్తిగా ఊడితే చక్రం మన అదుపులో ఉండదు. రెండు వైపులా మార్పించి, అలైన్‌మెంట్ చేయించాను.

ఆ అలైన్‌మెంట్ దగ్గరే టైర్ల సంగతి బయటపడింది. నిలబడి చూస్తే గాళ్లు బాగానే కనిపించాయి, కానీ స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూస్తే లోపలి అంచు దాదాపు నున్నగా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం కార్ల టైర్లకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాళ్ల మధ్య అడ్డంగా ఉండే చిన్న రబ్బరు గట్లతో టైరు సమానమైతే ఆ హద్దు వచ్చేసినట్టే. పక్క గోడ మీది నాలుగంకెల సంఖ్య కూడా చూడండి: 1819 అని ఉంటే అది 2019లో 18వ వారంలో తయారైన టైరు. ముందరి రెండూ మార్చేశాను.

హెడ్‌లైట్ సమస్య హాలోజెన్ డూమ్‌లో బయటి ఎల్ఈడీ బల్బు పెట్టడం వల్ల వచ్చింది. ఆ డూమ్‌లోని రిఫ్లెక్టర్ హాలోజెన్ ఫిలమెంట్ ఉండే చోటుకు తగ్గట్టు మలిచి ఉంటుంది, అందుకని వేరే బల్బు పెడితే కాంతి చెదిరిపోతుంది. కంపెనీ బల్బు తిరిగి పెట్టించి, ఎండకు పసుపెక్కిన అద్దాన్ని పాలిష్ చేయించి, గోడ మీద కాంతి పడే ఎత్తు చూసి సరిచేయించాం.

పొగ పరీక్షలో నెగ్గినా, ఈ వయసు డీజిల్ బండ్లు ఎక్కువగా తడబడేది అక్కడే కాబట్టి చెబుతున్నాను. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి; అందువల్ల ఆ తరువాత ఇక్కడ రిజిస్టరైన మా బండికి పొగ హద్దు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం), పాతవాటికి 65. ఇంజను వేడెక్కాక యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కి కొలుస్తారు. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగే బండికి ఎగ్జాస్ట్‌లో మసి పేరుకుంటుంది కాబట్టి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఔటర్ రింగ్ రోడ్డు మీద కాసేపు నిలకడగా నడిపి నేరుగా పరీక్షకు వెళ్లడం ఉపయోగపడింది. ఇంజెక్టర్లే పాడైతే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

ముందు బంపర్‌కు ఇనుప గార్డు, కిటికీలకు నల్ల ఫిల్మ్ ఉన్నవారు వెళ్లకముందే తీసేయాలి. నల్ల ఫిల్ములను సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. గార్డులను తొలగించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. పక్కన నిలబెట్టిన ఒక బండిని ఆ రోజు గార్డు కారణంగానే వెనక్కి పంపారు.

రెండోసారి అదే ర్యాంపు మీద బండి కదలకుండా నిలబడింది, స్టీరింగ్ చెప్పినట్టు తిరిగింది, ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టారు. ఆర్‌సీలో గడువు ఇప్పుడు 2030 జులై వరకు ఉంది. 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది కాబట్టి, అప్పటికి బండిని ఉంచుకోవాలా స్క్రాప్‌కు ఇవ్వాలా అన్నది ఫ్రేమ్‌కు పట్టిన తుప్పును చూసి నిర్ణయించుకుంటాం.