మధ్యాహ్నానికి కూడా నిండుగా ఉన్న నీళ్ల బాటిల్

సోమవారం. బడి నుంచి వచ్చి గంట దాటింది, ఇంకా కూరగాయలు కూడా తరగలేదు, ముందు ఇది రాసుకుంటే గానీ మనసు నిలబడేలా లేదు.

పొద్దున ప్రార్థన అయ్యాక మా తొమ్మిదో తరగతి గోడ మీద రెండు నంబర్లు పెద్దగా రాయించాను. ఒకటి 1098, పిల్లలకు ఏ ఆపద వచ్చినా చేసేది. రెండోది 14416, టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, మనసు బాగోలేనప్పుడు రాత్రయినా పగలయినా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. పక్క గదిలోని పదో తరగతి పిల్లలు వచ్చి మరీ ఎక్కించుకున్నారు. మార్చి పరీక్షల టెన్షన్ వాళ్లది.

సోమవారమంటే ఐరన్ మాత్ర రోజు కూడా. నీలం రంగు మాత్ర, పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది కాబట్టి మధ్యాహ్న భోజనం అయ్యాకే ఇస్తాం. పైన టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని, జామకాయ తింటే మంచిదని ప్రతి వారం చెబుతాను. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుందని భయపడి కిటికీలోంచి పారేసేవాళ్లు ఉంటారు, అందుకే నా కళ్ల ముందే మింగిస్తాను.

అలా వరసగా చూసుకుంటూ వెళ్తే కిటికీ పక్క బెంచీలో ఆ పాప బాటిల్ మూత దాకా నిండుగా ఉంది. మాత్ర కోసం ఒక్క చుక్క నోట్లో పోసుకుని వెంటనే మూత పెట్టేసింది. దసరా సెలవుల తర్వాత చేరిన పిల్ల, జడ్చర్ల వైపు నుంచి అమ్మానాన్నలు పని కోసం వచ్చారు. తలనొప్పి అని తరచూ తల వాల్చేస్తుంది. పోయిన వారం నేనే నిద్రపోతున్నావని కోప్పడి పది నిమిషాలు నిలబెట్టాను.

"పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదా అమ్మా?"

"తాగితే బాత్రూంకి పోవాల్సొస్తది మేడం."

"పోతే ఏమైంది?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "గొళ్లెం లేదు మేడం. అందరికి దోస్తులు తలుపు పట్టుకుంటరు. నాకెవరు లేరు."

గొళ్లెం ఊడిందని నాకు తెలుసు. రిజిస్టర్‌లో రాశాను కూడా. పిల్లలు జంటలుగా వెళ్లి సర్దుకుంటున్నారులే అనుకుని ఊరుకున్నాను, జంట లేని పిల్ల ఏం చేస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఏడున్నరకే బస్సెక్కుతుందట (2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడపిల్లలకు టికెట్ లేదు కాబట్టే అంత దూరం నుంచి రాగలుగుతోంది), ఇల్లు చేరేసరికి అయిదు. అంతసేపు నీళ్లు లేకుండా, మూత్రం ఆపుకుని కూర్చునే పిల్లకు తలనొప్పి రాకేం చేస్తుంది, ఇన్ఫెక్షన్లు మాత్రం రావా? నెలసరి రోజుల్లో ఎలా ఉంటుందో అడగడానికి నాకు నోరు రాలేదు. 2019లో కేరళ బడుల్లో మొదలైన వాటర్ బెల్ (పిల్లలు నీళ్లు తాగాలని గుర్తుచేస్తూ కొట్టే గంట) మన దగ్గర కూడా గట్టిగా అమలు కావాలని స్టాఫ్‌రూంలో ఎన్నోసార్లు వాదించాను. ఇప్పుడనిపిస్తోంది, గొళ్లెం పెట్టకుండా బెల్లు కొడితే పిల్లలు నీళ్లెందుకు తాగుతారు?

తర్వాతి పీరియడ్ నాకు ఖాళీ. ఆ పాపను తీసుకెళ్లి తలుపు నేనే పట్టుకుని నిలబడ్డాను. ముందు వద్దు మేడం, వద్దు మేడం అంది. బయటికొచ్చి చేతులు కడుక్కుని, తరగతిలోకి రాగానే బాటిల్ తీసి సగం దాకా గడగడా తాగేసింది. పోయిన వారం నిలబెట్టినందుకు తప్పు నాదేనని చెప్పాను. ఏమీ అనలేదు, తల వంచుకుంది.

ముందు బెంచీ పిల్లలతో విడిగా మాట్లాడాలి. తోడు వెళ్లమని అందరి ముందూ చెబితే ఆ పాపకు చిన్నతనంగా ఉంటుంది, ఎలా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

వచ్చేటప్పుడు రాణిగంజ్‌లో దిగి మూడు గొళ్లేలు, మరలు కొన్నాను. బ్యాగులోనే ఉన్నాయి. వాచ్‌మన్ తాత రేపు స్క్రూడ్రైవర్ తెస్తానన్నాడు, ప్రార్థన గంట కొట్టేలోపే బిగించేయాలి.