168 చింతపిక్కలు

మా అమ్మ 2022లో గుండెపోటుతో కన్నుమూసింది. ఆమెను తలుచుకుంటే 2019 శ్రావణం నుంచి మరుసటి సంక్రాంతి దాటేదాకా ప్రతి తెల్లవారుజామున ఒక చేతిలో మంచినీళ్ల గ్లాసు, మరో చేతిలో చింతపిక్కతో నా మంచం పక్కన నిలబడిన రూపమే ముందు కళ్ల ముందుకొస్తుంది.

అప్పటికి రెండు నెలలుగా దగ్గుతూనే ఉన్నాను. నేను చూపించుకున్న డాక్టరు దగ్గు మందులు మార్చి మార్చి రాశారే తప్ప కళ్లె పరీక్ష చేయించలేదు. రాత్రిళ్లు జాకెట్టు చెమటతో తడిసిపోయేది, బరువు 41 కిలోలకు పడిపోయింది. నాలుగేళ్ల పాపను తీసుకుని అమలాపురం దగ్గరి పుట్టింటికి వచ్చిన రోజే అమ్మ నా చేతిరుమాలు మీద నెత్తుటి చారిక చూసింది, మర్నాడే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఊపిరితిత్తుల క్షయ అని తేలింది.

అమ్మ భయపడడానికి కారణం ఉంది. ఆమె పిన్నిని ఇదే జబ్బుతో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియానికి పంపారు, ఆవిడ తిరిగి రాలేదు. ఇంటి దగ్గర ఉండి మందులు మింగినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని, ఇంట్లోవాళ్లకు ముప్పేమీ పెరగదని 1950ల చివర్లో మద్రాసులో జరిగిన అధ్యయనం తేల్చింది. ఆ ఫలితమే లేకపోతే నేను అమ్మ చేతి గంజి తాగుతూ కోలుకునేదాన్ని కాదు.

ఆశా కార్యకర్త వచ్చి, మొత్తం 168 రోజులు, రోజూ పరగడుపున, నా బరువుకు మూడేసి మాత్రలు, ఒక్క రోజు కూడా మానకూడదని చెప్పింది. అమ్మ వామనగుంటల పీట కింద దాచిన సంచి విప్పి, 168 చింతపిక్కలు లెక్కపెట్టి ఒక సీసాలో పోసింది. నేను మాత్రలు మింగినప్పుడల్లా ఒక పిక్క తిరిగి సంచిలో పడేది. మందుల ప్రభావంతో మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పారు కనుక దానికి కంగారు పడలేదు. రెండో వారంలో వాంతులు మొదలయ్యాక మాత్రం, ఈ ఒక్క రోజుకు వదిలెయ్యమ్మా అని ఏడ్చాను. "నువ్వు మింగేదాకా ఈ పిక్క నా చేతిలోనే ఉంటుంది తల్లీ, నాకేం తొందర లేదు" అని పక్కనే కూర్చుంది. అరగంటకు మింగాను. ఆమె గుప్పిట విప్పితే, పిక్క ఒత్తుకున్న చోట అరచేతిలో ఎర్రటి గుంట పడి ఉంది.

జబ్బును దాచిపెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతానికి పేరంటాలను పిలవకుండా, "మా అమ్మాయికి టి.బి., మందు వాడుతోంది, తగ్గాక అందరినీ పిలుస్తాను" అని వీధిలో తానే చెప్పింది. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాట విన్న ఎదురింటావిడ మర్నాటి నుంచి మా ఇంటికి కోడిగుడ్లు పంపడం మొదలుపెట్టింది.

తొలి వారాల్లో పాపను నా దగ్గర పడుకోనివ్వకుండా అమ్మే తన పక్కలో పడుకోబెట్టుకుంది. పాపకు ముందుజాగ్రత్తగా ఆరు నెలలు ఇచ్చిన ఐసోనియాజిడ్ మాత్రను రోజూ పొడి చేసి నీళ్లలో కలిపి తాగించేది. సంచిలోకి చేరిన పిక్కలతో మధ్యాహ్నం వేళ అమ్మమ్మ, మనవరాలు అరుగు మీద వామనగుంటలు ఆడేవారు. కిటికీ లోంచి నాకు వారి లెక్కలు వినబడేవి. పాపకు వందదాకా అంకెలు వచ్చింది అక్కడే. నాకు ఇష్టమైన మునగాకు పప్పు, ప్రభుత్వం నెలనెలా ఖాతాలో వేసిన 500 రూపాయలతో కొన్న పాలు, గుడ్లు ఒంటికి పట్టి, చివరికి 48 కిలోలకు వచ్చాను.

ఆ ఆరు నెలలూ అమ్మ ఒక నియమం పెట్టుకుంది. తెల్లారకముందే కాఫీ పడకపోతే తలనొప్పి వచ్చే మనిషి, నేను మాత్రలు మింగి, గంట ఆగి, ఏదో ఒకటి తినేదాకా కాఫీ ముట్టేది కాదు. ఎందుకమ్మా అంటే, "నీ ముందు నేను తాగుతూ కూర్చోనా?" అనేది.

సంక్రాంతి వెళ్లిన నాలుగైదు రోజులకు సీసా ఖాళీ అయింది, కళ్లె పరీక్షలో క్రిములు కనబడలేదు. ఆ మర్నాడు నేనే ముందు లేచి, ఐదింటికే చిక్కటి కాఫీ కలిపి ఆమె చేతికిచ్చాను. అమ్మ గ్లాసు అందుకుని, గోడ గడియారం వైపు చూసి, అలవాటుగా దాన్ని గట్టు మీద పెట్టేసి, "నువ్వు ముందు ఏమన్నా తినమ్మా" అంది.