మిడ్-1కి ముందే విద్యార్థుల ఫీడ్‌బ్యాక్: నా అనుభవం

ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లకు ఫీడ్‌బ్యాక్ అంటే సెమిస్టర్ చివర హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గదిలో చూపించే సగటు మార్కే. కాలేజీల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే న్యాక్ సంస్థకు చూపే ఫైల్లో ఉండాలని ఫారాలు నింపిస్తారు, కొన్నిచోట్ల ఇంక్రిమెంటుకు ముడిపెడతారు. "పిల్లలా మాకు మార్కులేసేది?" అనే చిరాకు అక్కడ పుట్టిందే. అందులో కొంత న్యాయం ఉంది. అటెండెన్స్ దగ్గర గట్టిగా ఉండే లెక్చరర్లకు మార్కుల్లో కోత పడుతుంది. పైగా 60 మందిలో సగం 5, సగం 1 వేసినా సగటు 3. అందరూ 3 వేసినా అదే 3.

అందుకే ఆ ఫారంతో పని లేకుండా 5వ వారంలో నేనే తీసుకుంటాను. మిడ్-1 (సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి పరీక్ష) మార్కులు చెప్పాక అడిగితే పేపర్ మీది కోపమంతా చీటీల్లోకి దిగుతుంది. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే చాలు. ప్రశ్నలు మూడే: ఏది బాగా అర్థమవుతోంది, ఎక్కడ తప్పిపోతున్నారు, వచ్చే వారం నుంచి ఏం మార్చాలి. "సార్ ఎలా చెబుతున్నారు?" అని అడిగితే "గుడ్" తప్ప ఇంకేమీ రాదు. తెలుగులో రాయొచ్చని బోర్డు మీద రాసిపెట్టాలి. ఆ మాట లేకపోతే ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఖాళీగా ఇచ్చేస్తారు.

పీరియడ్ మొదట్లో 10 నిమిషాలు ఇవ్వాలి, చివర్లో ఇస్తే బ్యాగులు సర్దుకుంటూ రాస్తారు. ఆ సేపు మనం గదిలో ఉండకూడదు. రోల్ నంబర్ వద్దు, చీటీలు సీఆర్ (క్లాస్ ప్రతినిధి) కవర్లో వేసి తేవాలి. ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) మన చేతిలోనే ఉన్నాయి కదా, చేతిరాత పట్టేస్తారన్న భయం ఎలాగూ ఉంటుంది. గూగుల్ ఫారం వాడితే ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే పేరు రాయొద్దన్న మాట ఎవరూ నమ్మరు.

సబ్జెక్టులో మన లోతెంతో పిల్లలు తేల్చలేరు. ఏది వినబడలేదో, ఏది కనబడలేదో మాత్రం వాళ్లే చెప్పాలి. "బోర్డు కనబడట్లేదు" అని వస్తే వెంటనే అక్షరాలు పెద్దవి చేస్తాం. వెనక బెంచీలో కూర్చుని చూస్తే సంగతి వేరే ఉంటుంది: ముందువాళ్ల తలలు అడ్డొచ్చి బోర్డు కింది భాగం కనబడదు. అక్కడ రాయడం మానేస్తే సరిపోతుంది. "స్పీడ్ తగ్గించండి", "లాగుతున్నారు" రెండూ వస్తే ఏ టాపిక్ దగ్గరో చూడాలి. చాలాసార్లు డెరివేషన్ (సూత్రాన్ని రాబట్టే భాగం) పరుగెడుతుంది, ప్రాబ్లమ్స్ సాగుతాయి.

మర్నాడు క్లాసులో 5 నిమిషాలు జవాబు చెప్పాలి: ఇది మారుస్తాను, సిలబస్ నా చేతిలో లేదు. ఎవరు రాశారోనన్న ఆరా, వెటకారం రెండూ వద్దు. మిడ్-2కి ముందు ఒకటే అడుగుతాను, మార్చింది పనికొచ్చిందా అని. అప్పుడు ఖాళీ చీటీలు ఎక్కువొస్తే తృప్తిగా ఉన్నారనుకోను. మొదటిసారి రాసినవాటిలో దేనికి జవాబివ్వలేదో పాత కవరు తీసి చూస్తాను.